శివరాత్రికి కర్నూలు నుంచి శ్రీశైలానికి కాలినడక: మజిలీలు ఎలా వేసుకోవాలి?

ప్రశ్న: మాది కర్నూలు. నా వయసు 53 ఏళ్లు. మా అబ్బాయికి ప్రాణం మీదికి వచ్చినప్పుడు, వాడు కోలుకుంటే శివరాత్రికి శ్రీశైలం నడిచి వస్తానని మల్లన్నకు మొక్కుకున్నాను. వచ్చే శివరాత్రికి ఆ మొక్కు తీర్చుకోవాలని నేను, మా వారు (58), మా ఆడపడుచు (49) అనుకుంటున్నాం. మా వారికి చాలా ఏళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నారు. మా వీధి కుర్రాళ్లు నాలుగు రోజుల్లో చేరిపోతామని, తమతో రమ్మని అంటున్నారు. మా అబ్బాయి మాత్రం అసలు వద్దంటున్నాడు. ఎన్ని రోజులు పెట్టుకోవాలి? ఎక్కడెక్కడ ఆగాలి? చెప్పులు వేసుకోవచ్చా? అడవి దారిలో మా వయసు వాళ్లు వెళ్లగలరా? దయచేసి వివరంగా చెప్పండి. – ఒక పాఠకురాలు, కర్నూలు

సమాధానం: అమ్మా, మీరు వెళ్లగలరు. అయితే నాలుగు రోజుల్లో కాదు, ఆ కుర్రాళ్లతోనూ కాదు. వాళ్లు మంచి మనసుతోనే పిలిచి ఉంటారు. కానీ పాతికేళ్ల వాళ్ల నడకతో సమానంగా నడవాలని ప్రయత్నిస్తే రెండో రోజు సాయంత్రానికే మీ ముగ్గురిలో ఒకరి కాళ్లు మొరాయిస్తాయి, ఆ తరువాత ప్రయాణమంతా ఆ ఒక్కరి చుట్టూ తిరుగుతుంది. మీ ముగ్గురిలో అందరికంటే నెమ్మదిగా నడిచేవారు ఎవరో ముందు తేల్చుకుని, వారి నడకను బట్టి మజిలీలు వేసుకోండి. నా లెక్కలో మీకు ఏడు రోజుల నడక, చేతిలో ఒక రోజు అదనం, మొత్తం ఎనిమిది రోజులు కావాలి.

ఈ దారి నిజానికి రెండు వేర్వేరు దారులు. కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు వరకు దాదాపు 70 కిలోమీటర్లు తారు రోడ్డు, ఊళ్లు, పొలాలు. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం దాటాక నల్లమల అడవిలో నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాస ద్వారం మీదుగా శ్రీశైలం చేరే పాత కాలిబాట సుమారు 40 కిలోమీటర్లు. అంకెల్లో చూస్తే మొదటి భాగం పెద్దది, కష్టంలో రెండోది పెద్దది. చాలామంది మొదటి భాగాన్ని ఉత్సాహంతో రెండు రోజుల్లో ముగించి, పొక్కులు లేచిన పాదాలతో అడవిలో అడుగు పెడతారు. రోడ్డు మీద కాలు నొప్పి పుడితే బస్సు ఎక్కవచ్చు, ఆటో పిలవవచ్చు, పక్క ఊరిలో పడుకోవచ్చు. అడవిలో ఆ వీలు లేదు. అందుకే తారు రోడ్డు మీద తీరిగ్గా నడిచి, పాదాలను పదిలంగా అడవి దాకా తీసుకువెళ్లడమే మీ ప్రణాళిక మొత్తానికి మూలం కావాలి.

మజిలీలు ఇలా వేసుకోండి. మొదటి రోజు కర్నూలులో తెల్లవారుజామున బయలుదేరి గార్గేయపురం దాటి, బ్రాహ్మణకొట్కూరు దగ్గర ఆగండి. నందికొట్కూరు సుమారు 30 కిలోమీటర్లే కదా, ఒక్క ఊపులో వెళ్లిపోదామని మొదటి రోజు ప్రతి ఒక్కరికీ అనిపిస్తుంది, మీకూ అనిపిస్తుంది. ఆగిపోండి. రెండో రోజు ఎండ ముదరకముందే నందికొట్కూరు చేరి, మిగిలిన పూటంతా అక్కడే విశ్రాంతి తీసుకోండి. ఆ పూటలో మందుల దుకాణం పని, బట్టలు ఉతుక్కోవడం, చెప్పులు కరుస్తున్నాయా లేదా చూసుకోవడం అన్నీ ముగుస్తాయి. మూడో రోజు జూపాడుబంగ్లా ప్రాంతం, నాలుగో రోజు పాములపాడు మండలం మీదుగా ఆత్మకూరు. ఐదో రోజు ఉదయం ఆత్మకూరులో ఆలస్యంగా లేచి, సామాన్లు మళ్లీ సర్దుకుని, వెంకటాపురం వరకు మాత్రమే నడవండి. ఆరో రోజు చీకటి విడిపోగానే అడవిలో ప్రవేశించి, నాగలూటి వీరభద్రస్వామి ఆలయం దగ్గర మధ్యాహ్నం ఆగి, పొద్దుగూకకముందే పెచ్చెరువు చేరండి. పెచ్చెరువుకు పొద్దు ఉండగా చేరలేమని అనిపిస్తే నాగలూటిలోనే యాత్రికులతో కలిసి రాత్రి గడపండి, మీ అదనపు రోజు అందుకే ఉంది. ఏడో రోజు పెచ్చెరువు నుంచి భీముని కొలను, కైలాస ద్వారం, హాటకేశ్వరం మీదుగా క్షేత్రానికి చేరుకుంటారు.

ఈ లెక్కను శివరాత్రి నుంచి వెనక్కి వేసుకోండి. పండుగ నాటి రాత్రికి కాకుండా, ముందు రోజు సాయంత్రానికే శ్రీశైలంలో ఉండేలా చూసుకోండి. దీనికి కారణాలు ఉన్నాయి. శివరాత్రి నాడు మీరు ఉపవాసం, జాగరణ చేస్తారు. ఖాళీ కడుపుతో భీముని కొలను మెట్లు ఎక్కడం మీ వయసులో ఎవరికీ మంచిది కాదు, మీ వారికైతే ప్రమాదం. పైగా ఆ రాత్రి చూడవలసినది చాలా ఉంటుంది. లింగోద్భవ కాలంలో చీరాల ప్రాంతపు దేవాంగ నేతకారులు స్వామివారి ఆలయ విమానం నుంచి నందుల మీదుగా పాగా చుట్టే వేళ దీపాలన్నీ ఆర్పివేస్తారు. ఏడాది పొడవునా రోజుకో మూర చొప్పున నేసిన ఆ వస్త్రాన్ని అలంకరించడం, ఆ తరువాత జరిగే స్వామి అమ్మవార్ల కల్యాణం చూడకుండా, అలసటతో ఏ పందిరి కిందనో ఒళ్లు తెలియకుండా పడుకుని ఉంటే ఇంత దూరం నడిచి వచ్చి ఏం లాభం? ఒక రోజు ముందు చేరిన వారికి ఆ రాత్రి మెలకువగా కూర్చునే ఓపిక మిగులుతుంది.

నడక వేళల విషయంలో ఎండదే మాట. శివరాత్రి మాఘ బహుళంలో వస్తుంది కనుక ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి రెండో వారం మధ్య పడుతుంది. మన జిల్లాలో అప్పటికే మధ్యాహ్నపు ఎండ నెత్తి మాడుస్తుంది. తెల్లవారుజామున మొదలుపెట్టి పది గంటలకు ఆగిపోండి, మళ్లీ సాయంత్రం నాలుగు తరువాత పొద్దు ఉన్నంతవరకు నడవండి. రాత్రి నడక చల్లగా ఉంటుందని కొందరు చెబుతారు. కర్నూలు, ఆత్మకూరు రోడ్డు మీద అది మాత్రం వద్దు. శ్రీశైలం, గుంటూరు వైపు వెళ్లే వాహనాలన్నీ ఆ రోడ్డు మీదే పోతాయి. నిద్రమత్తులో ఉన్న లారీ డ్రైవరుకు రోడ్డు అంచున నడిచే మనిషి కనిపించకపోవడం వల్ల పాదయాత్రికులు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు తరచుగా చదువుతూనే ఉన్నాం. తెల్లవారుజామున చీకటి ఉన్నంతసేపు ముగ్గురూ ఒకరి వెనుక ఒకరుగా, రోడ్డుకు కుడి వైపున, ఎదురుగా వచ్చే వాహనాలు కంటికి కనిపించేలా నడవండి. వెలుగు పడితే మెరిసే పట్టీలున్న జాకెట్లు హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి, ముగ్గురికీ తలా ఒకటి కొనండి. ముందు నడిచేవారి చేతిలో ఒక టార్చి, వెనుక నడిచేవారి చేతిలో ఒక టార్చి ఉండాలి.

చెప్పుల సంగతి అడిగారు. మీరు మొక్కుకున్నప్పుడు నోటితో అన్న మాట ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. మీ ఉత్తరంలో రాసింది ‘నడిచి వస్తాను’ అనే. చెప్పులు లేకుండా వస్తానని మీరు అనలేదు. శివదీక్ష తీసుకున్న స్వాములకు వేరే నియమాలు ఉంటాయి, వారు తమ గురుస్వామి చెప్పినట్లు నడుచుకుంటారు. మీరు దీక్ష విషయమేమీ రాయలేదు కనుక, తారు రోడ్డు మీద చెప్పులు విడవవలసిన పని లేదు. మధ్యాహ్నం కాగిన తారు అరికాళ్లను కాల్చి పొక్కులు తెప్పిస్తుంది. మీ మనసుకు తృప్తిగా ఉండాలంటే హాటకేశ్వరం దగ్గర చెప్పులు విడిచి, అక్కడి నుంచి స్వామి సన్నిధికి వట్టి కాళ్లతో నడవండి. మీ వారు మాత్రం అక్కడ కూడా విడవకూడదు. ఆలయ ద్వారం దాకా ఆయన కాలికి చెప్పు ఉండాలి.

పాదం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ యాత్ర ఆగిపోవడానికి అడవి జంతువులకంటే, ఎండకంటే, పొక్కులే ఎక్కువ కారణమవుతాయి. పొక్కు ఒక్కసారిగా రాదు. ముందు మడమ వెనుకనో, బొటనవేలి కిందనో, చిటికెన వేలి పక్కనో ఒకచోట చిన్న మంట మొదలవుతుంది. ‘ఇంకో మైలు నడిచి చూద్దాం’ అని ఊరుకున్నవారికి ఆ మైలులోనే నీరు చేరుతుంది. మంట తెలిసిన క్షణమే, ఏ చెట్టు కిందనో కూర్చుని, పాదం తుడిచి ఆరనిచ్చి, మందుల దుకాణంలో దొరికే గుడ్డ ప్లాస్టరును మడతలు పడకుండా, అంచులు గుండ్రంగా కత్తిరించి అతికించండి. చతురస్రంగా కత్తిరిస్తే మూలలు లేచి మేజోడుకు అంటుకుంటాయి, ప్లాస్టరు ఊడివస్తుంది. అప్పటికే పొక్కు లేచి ఉంటే పై చర్మాన్ని చింపవద్దు, ఆ చర్మమే దానికి మంచి కట్టు. మేజోళ్లు మూడేసి జతలు పెట్టుకుని, మధ్యాహ్నం ఆగినప్పుడు తప్పకుండా మార్చండి. తడిసిన నూలు మేజోడు చెమటను పట్టి ఉంచి చర్మాన్ని మెత్తబరుస్తుంది, కాబట్టి త్వరగా ఆరిపోయే రకం తీసుకోండి. యాత్ర కోసం కొత్త బూట్లు కొంటే కనీసం నెలన్నర ముందే కొని, రోజూ వాటితోనే నడవండి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, సాయంత్రానికి పాదాలు కొంచెం వాస్తాయి.

సాధన కూడా ఆ బూట్లతోనే చేయండి. రెండు నెలల ముందు రోజుకు నాలుగైదు కిలోమీటర్లతో మొదలుపెట్టి వారం వారం పెంచుతూ వెళ్లండి. మీకు అసలైన పరీక్ష ఒకటుంది. యాత్రకు మూడు వారాల ముందు, వరుసగా రెండు రోజులు, వీపున సంచితో రోజుకు 15 కిలోమీటర్లు నడవండి. రెండో రోజు ఉదయం లేచి మళ్లీ నడవగలిగితే మీరు యాత్రకు సిద్ధమైనట్లే. ఒక్క రోజు 20 కిలోమీటర్లు ఎవరైనా నడుస్తారు, మరునాడు ఎలా ఉంటారన్నదే ఇక్కడ ముఖ్యం. ఆ రెండు రోజుల్లోనే మీ ముగ్గురిలో నెమ్మది ఎవరిదో కూడా తెలిసిపోతుంది.

ఇక మీ వారి సంగతి. కొంచెం నిక్కచ్చిగానే చెబుతున్నాను, మరోలా అనుకోవద్దు. మొక్కు మీది, ఆయనది కాదు. ఆయన మీ వెంట రావాలనుకోవడం మీ మీద ప్రేమతోనే. కానీ ప్రతి అడుగూ ఆయన నడవకపోతే మీ మొక్కుకు లోటేమీ రాదు. కనీసం రెండు నెలల ముందు ఆయనను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లి, ఎనిమిది రోజుల నడక అని స్పష్టంగా చెప్పి, గుండె పరీక్షతో పాటు అరికాళ్లలో స్పర్శ ఎలా ఉందో కూడా చూడమనండి. షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు, అప్పుడు రాయి గుచ్చుకున్నా, పొక్కు చితికినా తెలియదు. ఆయన పాదాలను ప్రతి రాత్రి టార్చి వెలుగులో మీరే చూడాలి, వేళ్ల సందులు కూడా విడదీసి చూడాలి. ఆయనకు పొక్కు లేస్తే సూదితో గుచ్చడం వంటి ఇంటి వైద్యం చేయవద్దు, పుండుగా కనిపిస్తే అక్కడితో నడక ఆపించండి.

మాత్రల విషయంలో సొంత నిర్ణయాలు వద్దు. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వేసుకునేవారు రోజంతా నడిచి, తిండి వేళ తప్పితే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. ఆ రోజుల్లో మోతాదు ఎంత వేసుకోవాలో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. ఒళ్లంతా చెమటలు, చేతులు వణకడం, కళ్లు తిరగడం, మాట తడబడటం, కారణం లేకుండా విసుక్కోవడం కనిపిస్తే ఎండ వల్లేమోనని ఊరుకోవద్దు. వెంటనే కూర్చోబెట్టి, మూడు చెంచాల చక్కెర గానీ గ్లూకోజు గానీ నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట తరువాత మీటరుతో పరీక్షించి, ఇంకా తక్కువగా ఉంటే మళ్లీ ఇవ్వండి, తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయవద్దు, 108కి ఫోన్ చేయండి. గ్లూకోజు పొట్లం ఆయన జేబులోనే ఉండాలి, మీ సంచి అడుగున కాదు. శివరాత్రి ఉపవాసం ఆయన చేయకూడదు.

డాక్టరు ఏమాత్రం సందేహించినా, ఆయన ఆత్మకూరు వరకు మీతో నడిచి, అక్కడి నుంచి బరువు సామాన్లతో బస్సులో దోర్నాల మీదుగా శ్రీశైలం చేరడం మంచిది. ఆత్మకూరు నుంచి అడవి భాగానికి మీ అబ్బాయిని రమ్మనండి. అబ్బాయి వద్దంటున్నాడంటే దానికి కారణం మీ మీద బెంగే తప్ప వేరొకటి కాదు. అతని ప్రాణం కోసం మొక్కుకున్న మొక్కు ఇది. ఇంట్లో కూర్చుని ఫోన్ కోసం ఎదురుచూడమనే బదులు, కష్టమైన రెండు రోజులు పక్కనే నడవమని అడగండి. ఈ మజిలీల కాగితం, డాక్టరు రాసిన చీటీ అతని ముందు పెట్టి మాట్లాడితే కాదనడని నా నమ్మకం.

అడవి దారి గురించి మీకున్న భయం అర్థం లేనిది కాదు. అది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. కానీ శివరాత్రికి, ఉగాదికి ఆ బాట వేలమందితో నిండిపోతుంది. ఉగాదికి ఉత్తర కర్ణాటక నుంచి వచ్చే భక్తులు భ్రమరాంబను తమ ఇంటి ఆడబిడ్డగా భావించి, చీర, పసుపు, కుంకుమలతో వందల కిలోమీటర్లు నడిచి ఇదే అడవి దాటుతారు. వారిలో మీకంటే పెద్ద వయసు ఆడవారు ఎందరో ఉంటారు. అటవీ శాఖ ఈ కాలిబాటలో నడవడానికి ఆ పండుగ రోజుల్లోనే అనుమతిస్తుంది, తేదీలు, వేళలు ముందుగా ప్రకటిస్తుంది. ఆ ప్రకటన చూశాకే మీ బయలుదేరే రోజు ఖాయం చేసుకోండి. అడవిలో గుంపు వదిలి పోవద్దు, అడ్డదారులు తొక్కవద్దు, చీకటి పడ్డాక నడవవద్దు. కాలకృత్యాలకు కూడా ఇద్దరు ఆడవారూ కలిసే వెళ్లండి. ఎండుటాకులు నిప్పు కోసం కాచుకుని ఉండే కాలం కనుక పొయ్యి వెలిగించవద్దు. ప్లాస్టిక్ సీసా ఒక్కటి కూడా అక్కడ పారవేయకండి. ఆ అడవి మనకంటే ముందు చెంచులది, వారికి మల్లన్న ఇంటి అల్లుడు.

భక్త బృందాలు నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దగ్గర అన్నదానం, మంచినీళ్లు ఏర్పాటు చేస్తాయి. అయినా వాటిని నమ్ముకుని వట్టి చేతులతో పోకూడదు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, బెల్లం, వేయించిన శనక్కాయలు, బొరుగులు ఉంటే ఒక పూట గడిచిపోతుంది. కుంటల్లో, కొలనుల్లో నీళ్లు చూడటానికి తేటగా ఉన్నా తాగవద్దు. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ప్రతి ఉదయం ముందే అనుకోండి.

అన్నిటికంటే జాగ్రత్త కావలసిన చోటు భీముని కొలను. బాట ఒక లోతైన లోయలోకి రాతి మెట్ల మీదుగా దిగి, మళ్లీ అవతలి గట్టుకు నిట్టనిలువుగా కైలాస ద్వారం దాకా ఎక్కుతుంది. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడని శాసనాలు చెబుతున్నాయి. మెట్లంటే గుడి మెట్ల లాంటివి అనుకోవద్దు. ఎత్తు ఒకదానికొకటి సమానంగా ఉండదు, కొన్ని అరిగి నున్నబడ్డాయి, కొన్ని ఒరిగాయి. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు, దిగేటప్పుడు మోకాలు పట్టు తప్పుతుంది. పడేవారిలో ఎక్కువమంది దిగేటప్పుడే పడతారు. చేతికర్ర తప్పనిసరి. దిగేటప్పుడు కర్రను ముందు కింది మెట్టు మీద ఆనించి, ఆ తరువాత కాలు దించండి. చీర కుచ్చెళ్లు కాలికి అడ్డం పడతాయి, కాబట్టి ఆ రోజు పంజాబీ డ్రస్సు వేసుకోవడమో, చీర గోచీ పోసి కట్టుకోవడమో చేయండి. ఎక్కేటప్పుడు ఇరవై మెట్లకొకసారి పక్కకు జరిగి నిలబడండి. వెనుక వచ్చేవారు ‘ఓం నమః శివాయ’ అంటూ దాటిపోతుంటే తొందరపడి కదలవద్దు. ఛాతీలో నొప్పి, బరువు, ఎడమ చేయి లాగడం అనిపిస్తే అక్కడే కూర్చుని సాయం కోసం కేక వేయండి.

రోడ్డు భాగంలో రాత్రి బసకు పెద్దగా బాధ ఉండదు. మల్లన్న దగ్గరికి నడుస్తున్నామంటే మన పల్లెల్లో కాదనేవారు తక్కువ. అయినా పొద్దుగూకాక తలుపు తట్టడం కంటే, నడక మొదలుకాకముందే ఒక ఆదివారం మీ అబ్బాయి బండి మీద ఆత్మకూరు దాకా వెళ్లి, ఏ ఊరిలో గుడి మండపం ఉంది, ఎక్కడ కల్యాణ మండపం ఉంది, ఆడవారికి మరుగుదొడ్డి, స్నానానికి చోటు ఎక్కడ దొరుకుతుంది అని చూసి, పూజారినో, ఊరి పెద్దలనో అడిగి వస్తే మీకు సగం దిగులు తీరుతుంది. ఆ రోజుల్లో కోసిన శనగ చేలు, కళ్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు దారి పొడవునా కనిపిస్తాయి. మిరప కళ్లాల పక్కన పడుకోవద్దు, రాత్రంతా ఘాటుకు దగ్గుతో నిద్ర ఉండదు.

సంచి బరువు మీ శరీర బరువులో పదో వంతు దాటకూడదు. రెండు జతల బట్టలు, దుప్పటి, మందులు, నీళ్లు, తిండి, టార్చి, ఆధార్ కార్డు, కొంచెం చిల్లర డబ్బు చాలు. బంగారం ఇంట్లోనే ఉంచండి. బ్రహ్మోత్సవాల రోజుల్లో శ్రీశైలంలో గదులు దొరకడం కష్టం కనుక, ఏదైనా సత్రంలో ముందే మాట్లాడుకోవాలి, లేదా దేవస్థానం వేసే పందిళ్లలో పడుకోవడానికి సిద్ధపడాలి. తిరుగు ప్రయాణం పండుగ మరునాడే పెట్టుకోకుండా ఒక రోజు ఆగితే బస్సుల్లో నిలబడే బాధ తప్పుతుంది. ఇంటికి చేరాక కూడా వారం రోజుల పాటు మీ వారి పాదాలను రోజూ చూస్తూ ఉండండి, మానని గాయం చిన్నదైనా సరే డాక్టరుకు చూపించండి.